రహస్య జట్టులో ఒకరికొకరు తెలియకుండా మాట్లాడుకోవాలంటే: రోల్‌ప్లే ఆట నడిపే తమ్ముడికి జవాబు

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో 22 మందితో తెలుగులో రోల్‌ప్లే ఆట, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రలా మాట్లాడుతూ కథ నడిపే ఆట, మొదలుపెడుతున్నాడు. కథ 1757 జనవరిలో, బొబ్బిలి కోట ముట్టడికి ముందు రోజుల్లో జరుగుతుంది. అందరూ బొబ్బిలి మీదకి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజుల శిబిరంలో ఉన్న పాత్రలే. వాళ్ళలో ఆరుగురు మాత్రం లోలోపల బొబ్బిలి పక్షం. ఆ ఆరుగురూ కబుర్లు పంపుకోవాలి, కానీ ఎవరు ఎవరో వాళ్ళలో వాళ్ళకే తెలియకూడదు. "ఆరుగురికీ ఒక ప్రైవేట్ ఛానెల్ పెట్టి, ముసుగు పేర్లతో రాసే బాట్ ఒకటి తగిలిస్తే సరిపోతుందా అక్కా?" అన్నాడు. ఛానెల్ అంటే యాప్‌లో మాట్లాడుకునే గది, బాట్ అంటే అక్కడ తనంతట తానే మెసేజ్‌లు వేసే ప్రోగ్రామ్.

సరిపోదు తమ్ముడూ. నేను విజయనగరంలో ఉంటూ 2008 నుంచి ఇలాంటి ఆటలు నడుపుతున్నాను. మొదట ఈమెయిల్లో, తర్వాత యాహూ గ్రూపుల్లో, ఇప్పుడు డిస్కార్డ్‌లో. నువ్వు అనుకున్న పద్ధతిలోనే నేనూ మొదలుపెట్టాను కాబట్టి అది ఎక్కడ చెడుతుందో వివరంగా చెప్తాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. నీ ఆటలో దాచాల్సింది ఏమిటి? అలాంటి జట్టు ఒకటి ఉందనే సంగతా? అందులో ఎవరున్నారో బయటివాళ్ళకి తెలియకుండా ఉండడమా? లేక లోపలివాళ్ళకి కూడా తెలియకుండా ఉండడమా? మాఫియా ఆట అందరికీ తెలుసు కదా. 1980లలో మాస్కోలో దిమిత్రి దవిదోవ్ అనే ఆయన తయారుచేశాడు. దాంట్లో మాఫియావాళ్ళు ఒకరినొకరు ఎరుగుదురు, ఊరివాళ్ళకే ఎవరూ తెలియదు. ఆ ఆటకి ప్రైవేట్ ఛానెల్ ఒకటి చాలు. నువ్వు అడిగేది దానికంటే చాలా కష్టమైన సంగతి. ఆకాశరామన్న ఉత్తరాలు రాసుకునే ఆరుగురు మనుషులు, అందరూ ఒకే పందిరి కింద. ఉత్తరం మీద పేరు లేకపోయినా, పందిరి కింద ఎవరు కూర్చున్నారో కనిపిస్తే ఏం లాభం?

డిస్కార్డ్‌లో జరిగేది సరిగ్గా అదే. ఛానెల్ తెరిస్తే కుడిపక్కన సభ్యుల జాబితా వస్తుంది. ఆ ఛానెల్ చూసే అనుమతి ఉన్నవాళ్ళ పేర్లే అందులో ఉంటాయి. అంటే నీ ఆరుగురూ ఛానెల్లోకి అడుగుపెట్టిన క్షణానే మిగతా ఐదుగురి అసలు పేర్లు చూసేస్తారు. ఇక మిగిలేది ఏ ముసుగు ఎవరిదనే చిన్న చిక్కుముడి. అది రెండో రోజుకే వీడిపోతుంది.

రోల్ (ఎవరు ఏ ఛానెల్ చూడొచ్చో చెప్పే బిళ్ళ లాంటిది) ఇచ్చి పంపిద్దామనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. ఎవరి ప్రొఫైల్ మీద నొక్కినా వాళ్ళకున్న రోల్స్ సర్వర్‌లో, అంటే మీ డిస్కార్డ్ గుంపులో, అందరికీ కనిపిస్తాయి. "బొబ్బిలి పక్షం" అని రోల్ పెట్టావంటే ఆట మొదలవకముందే ముగిసినట్టే. ఛానెల్ పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. అనుమతి లేనివాళ్ళకి మామూలు యాప్‌లో ఛానెల్ కనిపించదు, నిజమే. కానీ యాప్‌ని మార్చి వాడేవాళ్ళకి దాచిన ఛానెళ్ళ పేర్లు తెలిసిపోతాయి. అలా వాడడం డిస్కార్డ్ నిబంధనలకి విరుద్ధం, అయినా వాడేవాళ్ళు ఉన్నారు. లోపలి మెసేజ్‌లు చదవలేరు కానీ "గూఢచారుల గుడారం" అని ఛానెల్ పేరు చూస్తే చాలు కదా.

ముసుగు పేరుతో రాసే బాట్ల సంగతి. ఇవి వెబ్‌హుక్ అనే సదుపాయం మీద నడుస్తాయి. వెబ్‌హుక్ ద్వారా వచ్చే మెసేజ్‌కి ఏ పేరైనా, ఏ బొమ్మైనా తగిలించవచ్చు. రోల్‌ప్లేవాళ్ళు వాడే టప్పర్‌బాక్స్ లాంటివి ఇలాగే పనిచేస్తాయి. నువ్వు నీ పేరు మీద రాస్తావు, బాట్ దాన్ని తుడిచేసి పాత్ర పేరుతో మళ్ళీ వేస్తుంది. పాత్రధారణకి చాలా బావుంటుంది. రహస్యానికి పనికిరాదు. నువ్వు టైప్ చేస్తున్నప్పుడు "ఫలానా వారు టైప్ చేస్తున్నారు" అని కింద అసలు పేరే వస్తుంది. బాట్ తుడిచేలోపు ఒక్క క్షణమైనా అసలు మెసేజ్ అక్కడ ఉంటుంది. ఆ క్షణంలో వెళ్ళిన నోటిఫికేషన్ ఫోన్ మీద అలాగే కూర్చునే అవకాశం ఉంది. స్లాష్ కమాండ్‌తో, అంటే ముందు / గుర్తు పెట్టి ఇచ్చే ఆజ్ఞతో, రాసే బాట్ అయితే, దాని జవాబు అందరికీ కనిపించేలా ఉంటే పైన ఆ కమాండ్ ఎవరు వాడారో రాసి మరీ చూపిస్తుంది. కమాండ్ ఇచ్చినవాళ్ళకి మాత్రమే కనిపించే జవాబు ఇచ్చి, అసలు మెసేజ్‌ని విడిగా వేసే బాట్ అయితేనే పేరు బయటపడదు. అప్పుడు కూడా సభ్యుల జాబితా బెడద అలాగే ఉంటుంది.

అందుకని నేను చేసేది ఇది. ఉమ్మడి ఛానెల్ అసలు పెట్టను. ఆటగాళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో గది ఇస్తాను. గదిలో ఉండేది ఆ ఆటగాడు, జీఎంగా (గేమ్ మాస్టర్, ఆట నడిపే మనిషి) నేను, ఇంకెవరూ లేరు. రహస్య జట్టులో ఉన్న ఆరుగురికే కాదు, 22 మందికీ గదులుంటాయి. దీని కిటుకంతా అక్కడే ఉంది. అందరికీ గది ఉన్నప్పుడు గది ఉండడం వల్ల ఎవరి గుట్టూ తెలియదు. డిస్కార్డ్‌లో ఒక కేటగిరీ కింద 50 ఛానెళ్ళు పెట్టుకోవచ్చు కాబట్టి 22 గదులు ఒక్కదాంట్లోనే సరిపోతాయి. పేర్లు "గది 1", "గది 2" అంతే. రహస్య జట్టు మనిషి తన గదిలో కబురు రాస్తాడు. ఆ కబురు ముసుగు పేరుతో మిగతా ఐదు గదుల్లోకీ చేరుతుంది. పక్కగదిలో ఎవరున్నారో ఎవరికీ కనిపించదు. నువ్వు మాత్రం తపాలా బంట్రోతులాగా అన్ని గుమ్మాలూ ఎక్కి దిగుతావు.

ఆ చేరవేసే పని బాట్‌తో చేయించవచ్చు. ఆరుగురికైతే నా మాట విని చేత్తోనే చెయ్యి. కాపీ చేసి అతికించడమే కదా. 1960లలో అమెరికాలో డిప్లొమసీ అనే ఆటని పోస్టు ఉత్తరాల మీద ఆడేవాళ్ళు. 1963లో జాన్ బోర్డ్‌మన్ అనే ఆయన మొదలుపెట్టాడు. వారాల తరబడి ఉత్తరాలు తిరిగేవి, నడిపేవాళ్ళు అన్నీ పోగుచేసి ఫలితం ప్రకటించేవాళ్ళు. ఆ నెమ్మదిలో పెద్ద రక్షణ ఉంది. బాట్ అయితే రాసిన క్షణానే చేరవేస్తుంది. అప్పుడేమవుతుంది? రాత్రి 11:40కి శిబిరం ఛానెల్లో సూర్యారావు పాత్ర మాట్లాడ్డం ఆపింది, 11:42కి గోరింక ముసుగు నుంచి పొడవాటి కబురు వచ్చింది, 11:45కి సూర్యారావు మళ్ళీ మాట్లాడాడు. పది రోజులు ఇలా జరిగితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. నేను ఉదయం 7కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి సంచి విప్పుతాను. మధ్యలో వచ్చినవన్నీ కలిపి, వచ్చిన వరుస మార్చి, ఒకేసారి పంచుతాను. కబురు ఆలస్యమవుతుందని ఆటగాళ్ళు మొదట గొణుగుతారు. నీ కథకి ఆ ఆలస్యం ఇంకా బాగా నప్పుతుంది. బొబ్బిలి మంటల్లో ఉన్నప్పుడు రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కబురు వేళకి అందలేదనే కదా మన బుర్రకథల్లో విని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం.

వేళ తర్వాత మౌనం గురించి చెప్పాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. 2018లో నేను నడిపిన ఆటలో ఐదు ముసుగులు ఉండేవి. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు నుంచి రెండు ముసుగుల దగ్గర్నుంచి ఒక్క కబురు లేదు. మిగతా ముగ్గురికీ వెంటనే అర్థమైపోయింది, ఆ ఇద్దరూ పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానంవాళ్ళని. 30 మందిలో ఉద్దానం నుంచి ఆడుతున్నది ఇద్దరే మరి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు నేను ఆట ఆపేసి, ఆ ఇద్దరి పేర్లూ జట్టువాళ్ళకి చెప్పేసి, ఎవరికైనా అటువైపు చుట్టాలుంటే వెళ్ళి చూడమన్నాను. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. ఒకరి ఇంట్లో కొబ్బరితోట మొత్తం నేలకొరిగింది. ముసుగు తీసినందుకు నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు. నువ్వూ ముందే అందరికీ చెప్పి ఉంచు. మనిషి క్షేమం అనుమానంలో పడితే ఆటలోని రహస్యం ఆ నిమిషంలోనే రద్దు. మామూలు రోజుల మౌనానికైతే ఉపాయం ఉంది. ప్రతి సంచిలోనూ ప్రతి ముసుగు పేరుతో ఏదో ఒకటి ఉండాలని నియమం పెట్టు. ఎవరైనా రాయకపోతే "ఈ రోజు కబురు లేదు" అని నువ్వే వెయ్యి. పరీక్షలు ఉన్నవాళ్ళు, పెళ్ళికి వెళ్ళినవాళ్ళు రెండు మూడు కబుర్లు ముందే రాసి నీ దగ్గర పెట్టుకోవచ్చు.

ఇక భాష. తెలుగులో ఆడేవాళ్ళకి ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు. ఇంగ్లిష్‌లో ఆడినప్పుడు అందరం బడిలో నేర్చుకున్న ఒకే రకం ఇంగ్లిష్ రాస్తాం, పెద్దగా తేడా తెలియదు. తెలుగులో అలా కాదు. "బేగి కబురెట్టు, ఏటి చేస్తన్నావు" అని వచ్చిందంటే అది ఆమదాలవలస పిల్లడో, గరివిడి పిల్లో అయి ఉండాలి. అనంతపురం కుర్రాడు ఎంత దాచుకున్నా ఒక "ఏమప్పా" ఎక్కడో దూరుతుంది. మాట సరే, రాత కూడా పట్టిస్తుంది. ఒకరు "వాళ్లు" అని, ఇంకొకరు "వాళ్ళు" అని రాస్తారు. ఒకరు ప్రతి వాక్యం చివరా మూడు చుక్కలు పెడతారు. ఒకరు శ, ష ఎప్పుడూ తారుమారు చేస్తారు. ఇవి వేలిముద్రల్లాంటివి. మనం చూసుకోం కానీ ఎదుటివాళ్ళు చూస్తారు.

దీనికి కొందరు జీఎంలు కబుర్లన్నీ తామే తిరగరాసి పంపుతారు. నేను ఒకసారి అలా చేసి మానేశాను. ఆరుగురి గొంతులూ నా గొంతే అయిపోయాయి, చదువుతుంటే ప్రాణం లేదు. మన యాసలో ఆడుకోవడం కోసమే కదా తెలుగులో ఆట పెట్టుకున్నది. ఇప్పుడు నేను పాటించేది మధ్యేమార్గం. రహస్య కబురు 40 మాటలు దాటకూడదు. పాతకాలపు ఉత్తరంలాగా మొదలు, చివర ఒకే మూసలో ఉండాలి, "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి. అక్షరదోషాలు, చుక్కలు నేను సరిచేస్తాను, మాటలు మాత్రం ముట్టుకోను. యాసని బట్టి ఎవరైనా ఊహిస్తే ఊహించుకోనీ. కబురులో ఉన్నదాన్ని బట్టి ఊహించడం ఆటలో భాగం. ఎవరి పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఎప్పుడు వెలిగింది, ఎవరు ఫోన్ ఎత్తలేదు అని లెక్కలు కట్టడం మాత్రం ఆటలో లేదు. ఈ గీత మొదటి రోజే గట్టిగా గీయాలి. తర్వాత గీస్తే తగాదాలవుతాయి.

ఇప్పుడు అసలు నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్న కారణం చెప్తాను. నువ్వు ప్రశ్న చివర "జీఎంకి కూడా తెలియకుండా ఉంటే ఇంకా థ్రిల్‌గా ఉంటుంది కదా" అని రాశావు. 2014లో నేను సరిగ్గా అదే చేశాను. లాగిన్ అక్కర్లేని ఒక ఫారం పెట్టాను. ఎవరు ఏం రాసినా ముసుగు పేరుతో జట్టులోకి వెళ్ళిపోయేది. రాసింది ఎవరో నాకు కూడా తెలియదు. మొదటి మూడు రోజులు అందరూ తెగ మెచ్చుకున్నారు. జట్టులో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఉండేది, చాలా చక్కగా రాసేది. నాలుగో రాత్రి నుంచి ఆమె పాత్రకి వచ్చే కబుర్లు మెల్లగా ఆమెకి రావడం మొదలైంది. ముందు పాత్ర వేసుకున్న చీర గురించి, తర్వాత నిజంగా ఆ రోజు ఆమె వేసుకున్న చున్నీ రంగు గురించి, చివరికి ఆమె కాలేజీ బస్సు ఎక్కే వేళ గురించి. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడుస్తూ "అక్కా, అది ఎవరో చెప్పండి చాలు" అంది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను. ఆట ఆపేశాను. ఆమె మళ్ళీ ఏ ఆటలోకీ రాలేదు. పదేళ్ళు దాటినా ఆ ఫోన్ నాకు నిన్నే వచ్చినట్టు ఉంటుంది.

కాబట్టి నా మాట ఒక్కటే గుర్తుపెట్టుకో తమ్ముడూ. ముసుగు పాత్రకి వెయ్యి, మనిషికి వెయ్యకు. ఏ ముసుగు వెనక ఎవరున్నారో నీకు తెలిసి తీరాలి. ఆ పట్టిక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టు. ఆటలో లేని ఇంకో నమ్మకమైన మనిషి దగ్గర ఒక నకలు ఉంచు, వీలైతే ఆడమనిషి దగ్గర. నీ మీదే ఫిర్యాదు ఉంటే ఆటగాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు? ఆ రెండో మనిషి అందుకే. నువ్వు అన్ని కబుర్లూ చదువుతావని మొదటి రోజే అందరికీ చెప్పు. గదుల పద్ధతిలో ఎలాగూ ప్రతి కబురూ నీ చేతి మీదుగానే వెళ్తుంది, కాబట్టి పాత్ర దాటి మనిషి మీదకి వచ్చిన మాట నీ దగ్గరే ఆగిపోతుంది. చేత్తో చెయ్యమన్నది సగం ఇందుకే. 18 ఏళ్ళు నిండనివాళ్ళని రహస్య జట్టులోకి తీసుకోకు. శిబిరం ఛానెల్లో అందరి ముందూ ఆడనీ, చాలు.

ఆటే కదా అని బెదిరింపులు రాసేవాళ్ళకి ఈ మాట కూడా చెప్పు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఉంది. పేరు దాచుకుని ఎవరినైనా బెదిరిస్తే, బెదిరింపుకి వేసే శిక్ష కాక అదనంగా రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. అలాంటిది జరిగితే మెసేజ్ తుడిచెయ్యకు. ముందు తేదీ, వేళ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి బెదిరింపు వచ్చినవాళ్ళకి ఇవ్వు, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, దగ్గర పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదుకి తోడుగా వెళ్ళు. వెంటనే ప్రమాదం అనిపిస్తే 112, బాధపడేది పిల్లలైతే 1098.

వాట్సాప్‌లో పెట్టమని నీ స్నేహితులు అంటున్నారన్నావు. వద్దు. మామూలు గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, పరిచయం లేని 22 మంది మధ్య అది మంచిది కాదు. టెలిగ్రామ్‌లో అడ్మిన్లు పేరు కనిపించకుండా గ్రూపు పేరుతో రాసే వీలు 2020 నుంచి ఉంది. అది నిర్వాహకుల కోసం చేసిన సదుపాయం, ఆరు ముసుగుల్ని వేరువేరుగా నడపడానికి సరిపడదు. టెలిగ్రామ్‌లోనే గదుల పద్ధతి చెయ్యాలనుకుంటే ఒక్కటి చూసుకో. కబురుని ఫార్వర్డ్ చేస్తే మామూలుగా పైన రాసినవాళ్ళ పేరు వస్తుంది. కాపీ చేసి కొత్త మెసేజ్‌గా పంపాలి.

నీ సర్వర్‌లో ఇంకో ఇద్దరికి అడ్మిన్ అధికారం ఇచ్చి, వాళ్ళూ ఆడుతున్నారన్నావు. అది ఇవాళే తీసెయ్యి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉన్నవాళ్ళకి ప్రతి గదీ తెరిచే ఉంటుంది. వాళ్ళు చూడబోమని ఒట్టేసినా ఆటలో ఒక్కసారి గెలిస్తే మిగతావాళ్ళకి అనుమానం పోదు. ఆడిట్ లాగ్ (సర్వర్‌లో చేసిన మార్పుల చిట్టా) చూసే అనుమతి కూడా ఎవరికీ ఉంచకు. ఏ ఛానెల్లోకి ఎవరిని ఎప్పుడు చేర్చావో అందులో 45 రోజుల పాటు ఉంటుంది. నువ్వు కూడా పాత్ర తీసుకోకు. అన్ని గదులూ చూసే మనిషి ఆడకూడదు.

ఆట ముగిసిన రాత్రి ముసుగులు తీసే కార్యక్రమం పెడతావు కదా. అది చాలా సరదాగా ఉంటుంది, మేమైతే తెల్లారేదాకా కూర్చుంటాం. ఎవరైనా తన పేరు చెప్పొద్దంటే ఆ ముసుగు అలాగే ఉండిపోవాలి. చేరేటప్పుడే ఈ సంగతి అడిగి పట్టికలో రాసుకో.

ముసుగు పేర్లు ఆటగాళ్ళని ఎంచుకోమనకు. ఒకసారి ఒకబ్బాయి "నాగావళి" అని పెట్టుకున్నాడు, శ్రీకాకుళం నుంచి ఉన్నది అతనొక్కడే. పాలపిట్ట, గోరింక, జెముడుకాకి, కొంగ, డేగ, గువ్వ అని ఆరు చీటీలు రాసి నువ్వే తియ్యి. గది నంబర్లకీ చీటీలే వెయ్యి. చేరిన వరుసలో నంబర్లు ఇచ్చావంటే, రెండో రోజు ఒకడు తన గది నంబరు ఎక్కడో నోరుజారినప్పుడు మిగతా 21 గదులూ లెక్క తేలిపోతాయి.